సి డ్రైవ్‌లో లెక్కకు అందని చోటు: రిస్టోర్ పాయింట్లు ఆపేయాలా, హద్దు పెట్టాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. ల్యాప్‌టాప్‌లో 256 జీబీ ఎస్‌ఎస్‌డీ ఉంది, విండోస్ 11 నడుస్తోంది. సి డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ ఎంచుకుని ప్రాపర్టీస్ చూస్తే ఒక మొత్తం వస్తోంది. డ్రైవ్ మీద నేరుగా ప్రాపర్టీస్ చూస్తే అంతకన్నా సుమారు 20 జీబీ ఎక్కువ వాడినట్టు చూపిస్తోంది. రిస్టోర్ పాయింట్లే (సిస్టమ్ పాడైతే వెనక్కి వెళ్లడానికి విండోస్ గుర్తుపెట్టుకునే పాత స్థితులు) ఆ చోటు తింటున్నాయి, మొత్తం ఆపేయమని మీ స్నేహితుడు చెప్పారు. ఆపేస్తే నష్టమేమైనా ఉంటుందా అని అడిగారు.

ఉంటుంది. ఆపేయకండి, హద్దు పెట్టండి. డీటీపీ సెంటర్ నడుపుతూ చాలా ఏళ్లుగా ఈ రిస్టోర్ పాయింట్ల మంచీ చెడూ రెండూ చూస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. అవి చోటు ఎలా తీసుకుంటాయో తెలిస్తే ఎంత హద్దు పెట్టాలో మీరే నిర్ణయించుకోగలరు.

ముందుగా, ఆ 20 జీబీ నిజంగా వీటిదేనా అన్నది తేల్చుకోవాలి. రిస్టోర్ పాయింట్ల సమాచారం సి డ్రైవ్‌లోనే ‘సిస్టమ్ వాల్యూమ్ ఇన్ఫర్మేషన్’ అనే ఫోల్డర్లో ఉంటుంది. అది మామూలుగా కనిపించదు. దాచిన ఫైళ్లను చూపించమని సెట్టింగు మార్చి చూసినా, దాని ప్రాపర్టీస్‌లో సున్నా బైట్లు అని వస్తుంది. అడ్మినిస్ట్రేటర్‌కు సైతం అందులోకి తొంగి చూసే అనుమతి ఉండదు, సిస్టమ్ ఖాతాకే ఉంటుంది. మీ లెక్క కుదరకపోవడానికి ఇదొక ముఖ్య కారణం.

అసలు లెక్క చూడడానికి స్టార్ట్‌లో కమాండ్ ప్రాంప్ట్ వెతికి, రైట్ క్లిక్ చేసి, అడ్మినిస్ట్రేటర్‌గా తెరవండి. అందులో ‘విఎస్‌ఎస్‌అడ్మిన్ లిస్ట్ షాడోస్టోరేజ్’ (vssadmin list shadowstorage) అని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసి ఎంటర్ కొట్టండి. మొత్తం మూడే మాటలు. మొదటి మాటలోనూ చివరి మాటలోనూ మధ్యలో ఖాళీ ఉండకూడదు. సి డ్రైవ్ పేరు కింద మూడు వరుసలు వస్తాయి: యూజ్డ్, అలొకేటెడ్, మ్యాగ్జిమమ్. యూజ్డ్ అంటే పాత సమాచారం నిజంగా ఆక్రమించిన చోటు. అలొకేటెడ్ అంటే రాబోయే అవసరానికి కూడా కలిపి ముందే పట్టి ఉంచుకున్న చోటు, కాబట్టి ఇది ఎప్పుడూ మొదటి దానికన్నా కొంచెం ఎక్కువే ఉంటుంది. మీకు డ్రైవ్‌లో తగ్గినట్టు కనిపించేది ఈ రెండో అంకె. మూడోది హద్దు, ఇంతకు మించి పెరగడానికి వీల్లేదని అర్థం. ప్రతి అంకె పక్కనా డ్రైవ్‌లో అది ఎన్ని శాతమో కూడా ఉంటుంది.

మూడో వరుసలో అంకెకు బదులు ‘అన్‌బౌండెడ్’ అని ఉంటే మాత్రం వెంటనే జాగ్రత్త పడండి. హద్దే లేదన్నమాట. బ్యాకప్ సాఫ్ట్‌వేర్లు కూడా ఇదే చోటును, ఇదే పద్ధతిని వాడుకుంటాయి. అలాంటిది ఏదైనా ఎప్పుడో వేసి ఉంటే, ఆ హద్దు తీసేసి ఉండే అవకాశం ఉంది. ఒకవేళ ఏ వివరమూ లేదని కమాండ్ జవాబిస్తే, మీ ల్యాప్‌టాప్‌లో రిస్టోర్ పాయింట్లే లేవు, చోటు ఇంకెక్కడికో పోయింది. దాని సంగతి కింద రాస్తాను.

ఇప్పుడు అసలు విషయం. రిస్టోర్ పాయింట్ అంటే ఆ రోజున్న సిస్టమ్ మొత్తాన్ని నకలు తీసి పెట్టెలో పెట్టడం అని చాలామంది అనుకుంటారు. ఒక్కో పాయింట్ రెండో మూడో జీబీలు ఉంటుందనీ, పది పాయింట్లుంటే దానికి పది రెట్లనీ లెక్కలు వేస్తారు. అది అలా పనిచేయదు. పాయింట్ పెట్టిన క్షణంలో అది తీసుకునే చోటు చాలా కొద్ది. ఆ తర్వాత మీరు కంప్యూటర్‌తో ఏం చేస్తారన్న దాన్ని బట్టే అది పెరుగుతుంది.

విండోస్ విస్టా నుంచి ఈ పని వాల్యూమ్ షాడో కాపీ అనే సర్వీసు చూస్తోంది. అది డిస్కును 16 కేబీ బ్లాకులుగా చూస్తుంది. పాయింట్ పెట్టిన తర్వాత ఏ బ్లాకులోనైనా మొదటిసారి కొత్త సమాచారం రాయబోతే, రాయనిచ్చే ముందు అందులోని పాత సమాచారాన్ని తీసి పక్కన భద్రపరుస్తుంది. ఖాతా పుస్తకంలో ఒక పద్దు కొట్టేసి కొత్తది రాసే ముందు, పాత పద్దును వేరే చిట్టాలోకి ఎక్కించుకునే గుమస్తా లాంటిదన్నమాట. కొట్టివేతలు లేని పేజీలకు చిట్టాలో ఒక్క వరుస కూడా ఖర్చు కాదు. అదే బ్లాకును మీరు ఆ తర్వాత ఎన్నిసార్లు మార్చినా మళ్లీ భద్రపరచాల్సిన పని ఉండదు, ఇంకో కొత్త పాయింట్ పెట్టేవరకు. ఒక్కో పాయింట్ ఎన్ని జీబీలు ఉందో విండోస్ చూపించకపోవడానికి కారణం కూడా ఇదే. పాత పాయింట్ చదవాలంటే దాని తర్వాతి పాయింట్లలో దాచిన బ్లాకులు కూడా కావాలి. అన్నీ ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి కాబట్టి ఏది ఎంత అని విడదీసి చెప్పడం కుదరదు.

ఇందులో రెండు సంగతులు గమనించాలి. ఒకటి, పాయింట్ పెట్టేనాటికి ఖాళీగా ఉన్న చోట కొత్త ఫైలు వచ్చి పడితే భద్రపరచాల్సింది ఏమీ ఉండదు. కాబట్టి కొత్త సినిమా ఒకటి దించుకున్నంత మాత్రాన రిస్టోర్ పాయింట్ల చోటు పెరగదు. రెండోది అందరూ తడబడే చోటు. పాయింట్ పెట్టినప్పుడు ఉన్న 20 జీబీ వీడియోలను మీరు తర్వాత తీసేశారనుకోండి. డ్రైవ్‌లో 20 జీబీ ఖాళీ అయినట్టు కనిపిస్తుంది, అది నిజమే. కానీ రేపు ఆ ఖాళీలో కొత్తవి రాస్తున్నప్పుడు, అక్కడున్న పాత వీడియోల బ్లాకులు ఒక్కొక్కటిగా భద్రపరిచే చోటుకు చేరతాయి. మీకు ఆ వీడియోలు అక్కర్లేదని దానికి తెలియదు. అది ఫైళ్లను చూడదు, బ్లాకులనే చూస్తుంది. ఫలితంగా హద్దు దాకా నిండిపోతుంది, అన్నిటికన్నా పాత పాయింట్ దానంతట అదే తొలగిపోతుంది. దాంతోనూ చాలకపోతే ఆ తర్వాతిది.

అందుకే నేను డ్రైవ్ శుభ్రం చేసేటప్పుడు పెద్ద ఫైళ్లన్నీ తీసేశాక కొత్తగా ఒక రిస్టోర్ పాయింట్ పెడతాను. పాతవి పోయినా, శుభ్రం చేసిన తర్వాతి స్థితి ఒకటి నికరంగా ఉంటుంది.

ఈ పద్ధతి మొదటి నుంచీ ఇలా లేదు. సిస్టమ్ రిస్టోర్ మొదట వచ్చింది 2000లో, విండోస్ ఎంఈతో. ఎక్స్‌పీలో కూడా అది ఫైళ్ల రకాన్ని చూసి పనిచేసేది. ఈఎక్స్‌ఈ, డీఎల్‌ఎల్ లాంటి సిస్టమ్‌కు సంబంధించిన ఫైళ్లు మారుతుంటే నకలు తీసేది, మీ లేఖలూ ఫొటోలూ పట్టించుకునేది కాదు. డిస్కులో 12 శాతం దాకా తీసుకునే వీలు ముందే ఇచ్చి ఉండేది. విస్టాలో బ్లాకుల పద్ధతికి మారాక అది 15 శాతం దాకా వెళ్లింది, తగ్గించడానికి స్లైడర్ కూడా ఉండేది కాదు, కమాండ్ ఇవ్వాల్సి వచ్చేది. రిస్టోర్ పాయింట్లు డిస్కును మింగేస్తాయన్న పేరు గట్టిపడింది ఆ రోజుల్లోనే అని నా అభిప్రాయం. విండోస్ 7లో స్లైడర్ తిరిగి వచ్చింది, ముందే పెట్టి ఇచ్చే హద్దూ బాగా తగ్గింది. పేరు మాత్రం అలాగే ఉండిపోయింది.

మా లాంటి సెంటర్లలో ఇంకో ముచ్చట ఉండేది. పాత తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేరూ పేజ్‌మేకరూ ఎక్స్‌పీలో సాఫీగా నడుస్తాయని, ఒకే కంప్యూటర్లో ఎక్స్‌పీ, విండోస్ 7 రెండూ వేసి పెట్టుకునేవాళ్లం. ఎక్స్‌పీలోకి వెళ్లి వస్తే చాలు, విండోస్ 7 పెట్టుకున్న రిస్టోర్ పాయింట్లన్నీ మాయమయ్యేవి. కొత్త పద్ధతిలో రాసిన ఆ సమాచారం ఎక్స్‌పీకి అర్థం కాదు, అది ఆ డ్రైవ్‌ను తెరవగానే తీసిపారేస్తుంది. ఇప్పటికీ అలాంటి కంప్యూటర్లు నడుపుతున్న వాళ్లు ఈ సమాధానం చదువుతుంటే, మీ పాయింట్లు నిలవకపోవడానికి కారణం చోటు కాదని తెలుసుకోండి.

ఇక వీటి విలువ ఎక్కడ తెలుస్తుందో చెబుతాను. మాఘమాసం ముహూర్తాలప్పుడు శుభలేఖల పని రాత్రి పొద్దుపోయేదాకా ఉంటుంది. అలాంటి ఒక సాయంత్రం కలర్ ప్రింటర్‌కు కొత్త డ్రైవర్ వేశాం. వేసినప్పటి నుంచి, ప్రింట్ పనులను వరుసలో పెట్టి ప్రింటర్‌కు పంపే ప్రింట్ స్పూలర్ సర్వీసు ఆగిపోవడం మొదలైంది. సర్వీసు మళ్లీ మొదలుపెడితే రెండు కార్డులు పడతాయి, మూడోది సగంలో ఆగుతుంది, పక్కనున్న బ్లాక్ అండ్ వైట్ ప్రింటర్ కూడా పలకదు. డ్రైవర్ తీసేసినా దాని తాలూకు ఏదో లోపల మిగిలిపోయి అదే తంతు. డ్రైవర్ వేసేముందు పెట్టిన రిస్టోర్ పాయింట్ ఉంది కాబట్టి సరిపోయింది. సిస్టమ్ రిస్టోర్ తెరిచి, ఆ పాయింట్ ఎంచుకుని, ఏయే ప్రోగ్రాములు మారతాయో చూపించే ‘స్కాన్ ఫర్ అఫెక్టెడ్ ప్రోగ్రామ్స్’ బటన్ నొక్కితే ఆ డ్రైవర్ పేరు ఒక్కటే కనబడింది. కానిచ్చాం. కంప్యూటర్ మళ్లీ లేచేసరికి ప్రింటర్లు రెండూ యథాస్థితికి వచ్చాయి. సాయంత్రం నుంచి దిద్దుతున్న శుభలేఖల ఫైళ్లు మాత్రం దిద్దినవి దిద్దినట్టే ఉన్నాయి, ఎందుకంటే రిస్టోర్ మన సొంత పత్రాలను వెనక్కి తిప్పదు. విండోస్ మళ్లీ వేయాల్సి వస్తే ఫాంట్లూ, కీబోర్డు లేఅవుట్లూ, ప్రింటర్ల రంగుల సెట్టింగులూ అన్నీ మొదటి నుంచి పెట్టుకోవాలి. పెళ్లివారు తెల్లారేసరికి కార్డులు కావాలని కూర్చున్నప్పుడు అది అయ్యే పని కాదు.

చోటు విషయంలో నేను నేర్చుకున్న అసలైన పాఠం ఫ్లెక్సీల పని దగ్గర దొరికింది. పెద్ద బ్యానర్ల ఫొటోషాప్ ఫైలు ఒక్కోటి జీబీ దాటుతుంది. పేరులో అక్షరం మార్చమంటారు, సేవ్ చేస్తాం. ఫొటో పెద్దది చేయమంటారు, మళ్లీ సేవ్ చేస్తాం. ఆ ఫైళ్లు సి డ్రైవ్‌లో డెస్క్‌టాప్ మీద ఉంటే, సేవ్ చేసిన ప్రతిసారీ డ్రైవ్‌లో జీబీల కొద్దీ రాతలు జరుగుతాయి. పాత బ్లాకులు భద్రపరిచే చోటులోకి వచ్చి పడుతూ ఉంటాయి. రద్దీ రోజుల్లో నాలుగు రోజుల కిందటి రిస్టోర్ పాయింట్ కూడా నిలిచేది కాదు. పని ఫైళ్లన్నీ డి డ్రైవ్‌కు మార్చి, ఫొటోషాప్ తాత్కాలికంగా రాసుకునే చోటు, అంటే స్క్రాచ్ డిస్కు కూడా అక్కడికే మార్చి, డి డ్రైవ్‌కు సిస్టమ్ ప్రొటెక్షన్ (రిస్టోర్ పాయింట్లు పెట్టే ఏర్పాటు) ఆపి ఉంచాక అదే హద్దులో పాయింట్లు వారాల తరబడి నిలుస్తున్నాయి. చోటు పెంచడంకన్నా, సి డ్రైవ్‌లో అనవసరపు రాతలు తగ్గించడమే మంచి మందు. మీ ల్యాప్‌టాప్‌లో ఒకటే డిస్కు ఉన్నా దాన్ని రెండు భాగాలుగా చేసుకోవచ్చు. వీడియో ఎడిటింగ్ చేసేవారికీ, వర్చువల్ మెషీన్లు నడిపేవారికీ ఇది మరీ అవసరం.

హద్దు ఎంత పెట్టాలి? స్టార్ట్‌లో ‘క్రియేట్ ఎ రిస్టోర్ పాయింట్’ అని వెతికితే సిస్టమ్ ప్రొటెక్షన్ పేజీ తెరుచుకుంటుంది. సి డ్రైవ్ ఎంచుకుని కాన్ఫిగర్ నొక్కితే స్లైడర్ ఉంటుంది. 256 జీబీ అని అమ్మే డిస్కు విండోస్ లెక్కలో 238 జీబీ చిల్లర ఉంటుంది. అందులో 4 శాతం పెడితే సుమారు తొమ్మిదిన్నర జీబీ. మీకు అది చాలు. 128 జీబీ డిస్కు అయితే 5 జీబీ కన్నా తగ్గించవద్దని చెబుతాను. ఎందుకంటే ఒక్క నెలవారీ విండోస్ అప్‌డేటే చాలా బ్లాకులను తిరగరాస్తుంది. హద్దు మరీ చిన్నదైతే, అప్‌డేట్‌కు ముందు పెట్టిన పాయింట్ ఆ అప్‌డేట్ ముగిసేలోపే పోయే ప్రమాదం ఉంది. పనికొచ్చే సమయానికి లేని పాయింట్ కోసం రెండు జీబీలు వదులుకోవడం దండగ. 512 జీబీ, అంతకు మించి ఉన్నవారు 15 జీబీ పెట్టి మరచిపోవచ్చు.

స్లైడర్ తగ్గించి ఓకే చేస్తే, కొత్త హద్దులో ఇమడని పాత పాయింట్లు పోతాయి, కొత్తవి మిగులుతాయి. అదే పేజీలో ఉన్న డిలీట్ బటన్ మాత్రం ఆ డ్రైవ్‌లోని పాయింట్లన్నిటినీ ఒక్కటి కూడా మిగల్చకుండా తీసేస్తుంది. చివరిది ఒక్కటి ఉంచి మిగిలినవి తీసేయాలంటే డిస్క్ క్లీనప్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి, ‘మోర్ ఆప్షన్స్’ ట్యాబ్‌లో రిస్టోర్ పాయింట్ల దగ్గరున్న క్లీనప్ నొక్కండి. ఇవాళ్టికి చోటు అత్యవసరమైతే నేను సూచించేది ఇదే.

ఆ ఫోల్డర్లోకి అనుమతులు మార్చి చొరబడి చేత్తో ఫైళ్లు తీసేసే చిట్కాలు కనిపిస్తుంటాయి. దయచేసి ఆ జోలికి పోకండి. అందులో రిస్టోర్ పాయింట్లవే కాకుండా విండోస్‌కు కావాల్సిన ఇతర సమాచారం కూడా ఉంటుంది. ఇదే పేరుతో పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్ కనిపిస్తే వైరస్ అనుకుని భయపడేవాళ్లు మా దగ్గరికి తరచూ వస్తారు. విండోస్ 8 నుంచి, పెన్‌డ్రైవ్ పెట్టగానే సిస్టమే దాన్ని సృష్టిస్తుంది. లోపల ఉండేది కొద్దిపాటి బైట్ల ఫైళ్లు. అది వైరస్ కాదు, చోటూ తినదు. కానీ సి డ్రైవ్‌లోని ఈ ఫోల్డర్లో నిజంగా వైరస్ ఉందని యాంటీవైరస్ చెబితే అప్పుడు పాత పాయింట్లన్నీ తీసేసి, కంప్యూటర్ శుభ్రమయ్యాక కొత్తది పెట్టుకోవడమే మార్గం.

పాయింట్లు ఎన్నాళ్లు ఉంటాయన్నది చోటు మీదే కాకుండా వయసు మీద కూడా ఆధారపడుతుంది. విండోస్ 11 24హెచ్2 వెర్షన్‌లో 2025 జూన్ అప్‌డేట్ నుంచి ఆ గడువు 60 రోజులు. అంటే మీరు 50 జీబీ కేటాయించినా అంతకన్నా పాతది దొరకదు. పెద్ద హద్దు పెట్టి లాభం లేదని నేననడానికి ఇదీ ఒక కారణం. ఇంకొకటి, విండోస్ 8 నుంచి ఏదైనా ప్రోగ్రాము తనను ఇన్‌స్టాల్ చేసేముందు రిస్టోర్ పాయింట్ పెట్టమని అడిగినా, గత 24 గంటల్లో ఇప్పటికే ఒకటి ఉంటే సిస్టమ్ కొత్తది పెట్టదు. కాబట్టి డ్రైవర్లు, పెద్ద సాఫ్ట్‌వేర్లు వేసేముందు మీరే క్రియేట్ బటన్ నొక్కి పేరు పెట్టుకోండి. ‘ప్రింటర్ డ్రైవర్‌కు ముందు’ అని రాసి ఉంటే ఆపద సమయంలో వెతుకులాట ఉండదు.

ఇది బ్యాకప్ కాదని కూడా గట్టిగా చెప్పాలి. పిల్లల ఫొటోలు పొరపాటున తీసేస్తే సిస్టమ్ రిస్టోర్ తెచ్చిపెట్టదు. ఎస్‌ఎస్‌డీ చెడిపోతే పాయింట్లూ దాంతోనే పోతాయి, అవి ఉన్నది ఆ డిస్కులోనే కదా. ఫొటోలకూ పత్రాలకూ బయటి హార్డ్ డిస్కులో నకలు ఉండి తీరాలి.

కమాండ్ చూపించిన అలొకేటెడ్ అంకె రెండు మూడు జీబీలే అయితే మీ 20 జీబీకి దోషి వేరే. మొదట హైబర్నేషన్ ఫైలు (కంప్యూటర్‌ను నిద్రపుచ్చేటప్పుడు ర్యామ్‌లోని పనిని భద్రపరిచేది) చూడండి. అది కూడా దాచిన ఫైలే. విండోస్ 10, 11లో మామూలుగా ర్యామ్‌లో 40 శాతం ఉంటుంది, 16 జీబీ ర్యామ్‌కు ఆరు జీబీ పైన. ర్యామ్ చాలనప్పుడు వాడుకునే పేజ్ ఫైలు ఇంకొన్ని జీబీలు. ఈమధ్య విండోస్ పెద్ద వెర్షన్ మారి ఉంటే ‘విండోస్ ఓల్డ్’ ఫోల్డర్ ఉంటుంది, దాన్ని సిస్టమే పది రోజుల తర్వాత తీసేస్తుంది. వెర్షన్ మారాక పాత రిస్టోర్ పాయింట్లు పనికిరావు, సిస్టమ్ ప్రొటెక్షన్ ఇంకా ఆన్‌లోనే ఉందో లేదో ఒకసారి చూసుకోవడం మంచిది.

ముందు ఆ కమాండ్ నడిపి యూజ్డ్, అలొకేటెడ్, మ్యాగ్జిమమ్ మూడు అంకెలూ, మీ ల్యాప్‌టాప్ ర్యామ్ ఎంతో కింద రాయండి. పని ఫైళ్లు సి డ్రైవ్‌లోనే ఉంచుకుంటున్నారా అన్నది కూడా చెప్పండి. చూసి మీకు స్లైడర్ ఎక్కడ పెట్టాలో చెబుతాను. అప్పటిదాకా డిలీట్ బటన్ ముట్టుకోకండి.